ఆన్‌లైన్ డాక్టర్‌కు మీ మాట వినపడట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

డాక్టర్ స్క్రీన్ మీద కనిపిస్తున్నారు. ‘చెప్పండమ్మా, ఏమైంది?’ అని అడుగుతున్నారు. అమ్మ చెబుతూనే ఉంది.. నాలుగు రోజులుగా జ్వరం, రాత్రయితే దగ్గు. అటు నుంచి మాత్రం ‘హలో.. హలో.. మీ మాట వినపడట్లేదండీ’ అన్నదే సమాధానం. పక్కన నిలబడ్డ మీరు మౌస్ పట్టుకుని కనిపించిన బటన్లన్నీ నొక్కుతున్నారు. కాసేపటికి కాల్ కట్. మళ్లీ లాగిన్, మళ్లీ టోకెన్, మళ్లీ క్యూ.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రభుత్వ సేవ అందుకోవడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. బ్యాంకు వీడియో కేవైసీకి రిజర్వు బ్యాంకు 2020 జనవరిలోనే అనుమతిచ్చింది. కోర్టు విచారణలు వీడియోలో జరుగుతున్నాయి. అన్నింటికంటే ఎక్కువ మందికి పనికొస్తున్నది కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని. 2023 ఫిబ్రవరిలో దీని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. తెలంగాణ కూడా మొదటి పది రాష్ట్రాల్లో ఉంది. ఇందులో ఎక్కువ భాగం పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల నుంచి జరిగినవే. అక్కడ సిబ్బంది పరికరాలు సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంటి నుంచి నేరుగా లాగిన్ అయ్యేవారికి ఆ సిబ్బంది, సాంకేతిక సహాయకుడు అన్నీ మీరే.

మాట వినపడకపోతే చాలామంది ముందు ఇంటర్నెట్‌ను తిడతారు. నిజానికి వీడియో కనిపిస్తూ మాట మాత్రం అస్సలు వెళ్లట్లేదంటే తప్పు సాధారణంగా నెట్‌ది కాదు. మీ మాట మైక్ నుంచి విండోస్‌లోకి, అక్కడి నుంచి బ్రౌజర్‌లోకి, ఆ తర్వాత నెట్‌లోకి వెళ్తుంది. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సరిచేయడం రెండు నిమిషాల పని. తెలియకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే, బాగున్నది కూడా పాడవుతుంది.

ఒక్క రికార్డింగ్‌తో సగం తేలిపోతుంది

టోకెన్ తీసుకోకముందే ఈ చిన్న పరీక్ష చేయండి. విండోస్ 11లో ‘సౌండ్ రికార్డర్’, విండోస్ 10లో ‘వాయిస్ రికార్డర్’ అనే యాప్ ఉంటుంది. స్టార్ట్ మెనూలో వెతికితే దొరుకుతుంది. పది సెకన్లు మాట్లాడి రికార్డు చేసి వినండి. మీ గొంతు స్పష్టంగా వినిపిస్తే మైక్ బాగుంది, స్పీకర్ బాగుంది, విండోస్ వింటోంది. అప్పుడు నేరుగా బ్రౌజర్ దగ్గరికి వెళ్లొచ్చు. వినిపించకపోతే బ్రౌజర్ జోలికి వెళ్లకండి, తప్పు కిందే ఉంది.

రికార్డింగ్‌లో ఏమీ లేదా? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరవండి. ‘ఇన్‌పుట్’ అన్నచోట ఏ మైక్ ఎంపికై ఉందో చూడండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని మా అనుభవం. వెబ్‌క్యామ్‌కు ఒక మైక్, ల్యాప్‌టాప్‌కు ఒకటి, హెడ్‌సెట్‌కు ఇంకొకటి ఉంటాయి. మీరు హెడ్‌సెట్‌లో మాట్లాడుతుంటే కంప్యూటర్ టేబుల్ కింద వేలాడుతున్న పాత వెబ్‌క్యామ్‌ను వింటూ ఉంటుంది. సరైనది ఎంచుకుని మాట్లాడండి. పక్కనున్న గీత మీ మాటతో పాటు కదలాలి. కదిలితే ఈ మెట్టు దాటినట్టే.

అవతలి మాట మీకు వినపడకపోతే అదే పేజీలో ‘అవుట్‌పుట్’ చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ కలిపినప్పుడు విండోస్ ఒక్కోసారి ధ్వనిని ఆ మానిటర్‌కే పంపుతుంది. ఆ మానిటర్‌కు స్పీకర్లే ఉండకపోవచ్చు. వాల్యూమ్ వందకు పెట్టినా నిశ్శబ్దమే.

గీత అస్సలు కదలట్లేదా? ముందు చేత్తో చూసేవి చూడండి. హెడ్‌సెట్ తీగ మీద చిన్న మ్యూట్ బటన్ ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పై వరుసలో మైక్ బొమ్మకు అడ్డగీత ఉన్న కీ ఒకటి ఉంటుంది. అది నొక్కుకుపోయి ఉంటే సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా లాభం ఉండదు. (ఈ వ్యాసం రాస్తున్న వ్యక్తి ఒకసారి డెస్క్ మీటింగ్‌లో ఆరు నిమిషాలు మ్యూట్‌లోనే వాదించారు. కాబట్టి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.)

పాత డెస్క్‌టాప్, ఫోన్ ఇయర్‌ఫోన్

ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే తల్లిదండ్రుల ఇళ్లలో ఉండేది ఎక్కువగా పాత డెస్క్‌టాపే. దానికి ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో రెండు రంధ్రాలుంటాయి. ఆకుపచ్చది వినడానికి, గులాబీది మైక్‌కు. ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్‌కు మాత్రం పిన్ను ఒక్కటే. ఆ పిన్నును దగ్గరగా చూడండి. దాని మీద మూడు నల్ల గీతలు ఉంటే అందులోనే మైక్ కూడా కలిసి ఉందని అర్థం. రెండు గీతలే ఉంటే మైక్ లేదు.

మూడు గీతల పిన్నును ఆకుపచ్చ రంధ్రంలో పెడితే డాక్టర్ మాట మీకు చక్కగా వినిపిస్తుంది. మీ మాట మాత్రం వెళ్లదు, ఎందుకంటే మైక్ తీగ గులాబీ రంధ్రాన్ని తాకనే లేదు. పరికరం పాడైందనుకుని కొత్త ఇయర్‌ఫోన్ కొన్నా అదే కథ. కావాల్సింది ఒక వై-స్ప్లిటర్.. ఒక వైపు ఇయర్‌ఫోన్ దూరుతుంది, రెండో వైపు రెండు పిన్నులు వస్తాయి. ఎలక్ట్రానిక్స్ షాపులో ‘హెడ్‌సెట్ స్ప్లిటర్, మైక్‌కు వేరే పిన్ను ఉండేది’ అని అడగండి. ఇద్దరు కలిసి పాటలు వినడానికి వాడే స్ప్లిటర్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అది పనికిరాదు. ఈ గొడవంతా వద్దనుకుంటే యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకోండి.

క్యాబినెట్ ముందువైపు రంధ్రాల తీగ లోపల సరిగా బిగించకపోవడం కూడా మామూలే. ముందు పనిచేయకపోతే వెనక పెట్టి చూడండి.

బ్లూటూత్ ఎందుకు మోసం చేస్తుంది?

పాటలు బాగా వినిపించిన బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కాల్ మొదలవగానే బావిలోంచి మాట్లాడినట్టు మారిపోతాయి. సాధారణ బ్లూటూత్‌లో రెండు విధానాలున్నాయి. ఒకటి మంచి నాణ్యతతో వినిపించేది, అందులో మైక్ పనిచేయదు. రెండోది మైక్‌తో కలిపి నడిచేది, అందులో నాణ్యత తగ్గుతుంది. కాల్ మొదలవగానే కంప్యూటర్ రెండోదానికి మారుతుంది. విండోస్ 10లో ఇవి ‘స్టీరియో’, ‘హ్యాండ్స్-ఫ్రీ’ అని రెండు వేర్వేరు పరికరాల్లా కనిపిస్తాయి. మాట్లాడేది హ్యాండ్స్-ఫ్రీలో, వినేది స్టీరియోలో పెడితే ఒక్కోసారి ఏమీ వినిపించదు. రెండింటికీ హ్యాండ్స్-ఫ్రీ ఎంచుకోండి. డాక్టర్‌తో మాట్లాడటానికి ఆ నాణ్యత సరిపోతుంది. ఇంకో సంగతి.. ఇయర్‌బడ్స్ పక్క గదిలోని ఫోన్‌కే అతుక్కుని ఉండొచ్చు. కాల్ అయ్యేదాకా ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి. అవకాశం ఉంటే ఆ రోజుకు తీగ ఉన్నదే వాడమని మా సలహా.

రికార్డింగ్ బాగుంది, కాల్‌లో మాత్రం లేదు

అప్పుడు విషయం అనుమతులది. విండోస్ 11లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్ తెరవండి. విండోస్ 10లో ప్రైవసీ, మైక్రోఫోన్. ఇక్కడ చాలామంది పైనున్న స్విచ్ చూసి ‘ఆన్‌లోనే ఉంది కదా’ అని వెనక్కి వచ్చేస్తారు. కిందికి జరిగితే డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్ వాడే అనుమతి అని మరో స్విచ్ ఉంటుంది. క్రోమ్ లాంటి బ్రౌజర్లు దాని కిందికే వస్తాయి. అది ఆఫ్‌లో ఉంటే రికార్డర్ పనిచేసి, బ్రౌజర్ మాత్రం మూగబోవచ్చు. యాపిల్ మ్యాక్‌లో కూడా సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్‌లో బ్రౌజర్ పేరు పక్కన స్విచ్ ఉంటుంది.

తర్వాత బ్రౌజర్. మొదటిసారి సైటు తెరిచినప్పుడు ‘మైక్ వాడుకోనా?’ అని అడుగుతుంది. తొందరలో ‘బ్లాక్’ నొక్కితే ఆ సైటుకు ఇక మళ్లీ అడగదు, మౌనంగా అడ్డుకుంటుంది. వెబ్ చిరునామా ఎడమ పక్కనున్న చిన్న గుర్తు మీద క్లిక్ చేస్తే ఆ సైటుకు సంబంధించిన అనుమతులు కనిపిస్తాయి. మైక్రోఫోన్‌ను ఆన్ చేసి పేజీని రీలోడ్ చేయండి. రీలోడ్ మరిచిపోతే మార్పు పనిచేయకపోవచ్చు.

నిన్నటి ఆఫీస్ మీటింగ్ యాప్ వెనకాల ఇంకా నడుస్తోందేమో కూడా చూడండి. కొన్ని యాప్‌లు మైక్‌ను పూర్తిగా తమ చేతిలో పెట్టుకుంటాయి. మిగతావన్నీ మూసేసి, బ్రౌజర్‌లో ఆ ఒక్క ట్యాబ్ ఉంచండి.

అన్నీ సరిగ్గా ఉన్నా, విండోస్ అప్‌డేట్ తర్వాత ధ్వని మాయమైతే ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్ట్. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ అంటే పూర్తిగా తాజా ఆరంభం కాదు. అప్పటికీ రాకపోతే డివైజ్ మేనేజర్‌లో సౌండ్ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తిరిగి గుర్తించి పెట్టుకుంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించమనే టిక్ కనిపిస్తే దాన్ని పెట్టకండి.

మాట ముక్కలు ముక్కలుగా వస్తోందా?

ఇది మాత్రం నెట్‌దే. మాట రోబోలా వినిపించడం, మధ్యలో పదాలు మింగేయడం జరిగితే డేటా దారిలో పోతోందని అర్థం. దీనికి ప్లాన్ వేగంతో సంబంధం తక్కువ. మాటకు సెకనుకు 100 కిలోబిట్లు కూడా ధారాళం. కావాల్సింది ఆలస్యం లేకపోవడం. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. అది పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ, ఒకేసారి ఆగుతూ ఉంటారు.

రౌటర్ నుంచి కంప్యూటర్‌కు ల్యాన్ తీగ పెట్టడం అన్నింటికంటే మంచి మందు. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. 2.4లో పొరుగిళ్ల రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అడ్డొస్తాయి. ఇంట్లో ఎవరి ఫోన్ అయినా ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే ఆపమనండి. ఇంకా తెగుతుంటే కాసేపు వీడియో ఆపి మాట్లాడొచ్చు, కానీ డాక్టర్‌ను అడిగి. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని మందులు మొదటి సంప్రదింపులో రాయాలంటే వీడియో ఉండాలి.

ప్రతిధ్వని విషయంలో అందరూ పొరబడతారు. మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంటే తప్పు సాధారణంగా అవతలి వైపుది. వాళ్ల స్పీకర్ శబ్దం వాళ్ల మైక్‌లో పడుతోంది. డాక్టర్ తనకు ప్రతిధ్వని వస్తోందంటే అప్పుడు మీ స్పీకర్ తగ్గించాలి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. ఒకే గదిలో కంప్యూటర్, ఫోన్ రెండింటిలో ఒకే కాల్ తెరిచి ఉంటే మాత్రం కీచుమనే శబ్దం ఖాయం.

కాల్ మధ్యలోనే మాట ఆగిపోతే?

సెట్టింగ్స్ వెతుకుతూ డాక్టర్ సమయం వృథా చేయొద్దు. లక్షణాలు, ఎన్ని రోజుల నుంచి, వాడుతున్న మందులు, షుగర్, బీపీ ఉన్నాయా అన్నది ముందే ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. మాట వెళ్లకపోతే ఆ కాగితాన్ని కెమెరాకు చూపించండి. చాట్ పెట్టె కనిపిస్తే అందులో టైప్ చేయండి. ఫోన్‌ను కూడా ఛార్జ్ చేసి దగ్గర ఉంచుకుంటే కంప్యూటర్ మొరాయించినప్పుడు అందులో లాగిన్ కావొచ్చు. గుండె నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లాంటివైతే అసలు కంప్యూటరే తెరవకండి. 108కి ఫోన్ చేయండి.

చివరగా ఒక ముఖ్యమైన జాగ్రత్త. ధ్వని రాలేదన్న కంగారులో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని గూగుల్‌లో వెతికి, కనిపించిన మొదటి నంబర్‌కు ఫోన్ చేయకండి. ‘మేం సరిచేస్తాం, ఈ యాప్ వేసుకుని కోడ్ చెప్పండి’ అంటే అవి మీ స్క్రీన్‌ను దూరం నుంచి నడిపే యాప్‌లు కావొచ్చు. మైక్ బాగుచేయడానికి ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ, పది రూపాయల ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ గానీ అవసరం లేదు. అలాంటి కోడ్ ఇప్పటికే చెప్పేసి ఉంటే వెంటనే నెట్ ఆపేసి, బ్యాంకుకు చెప్పి, జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోతే ఎంత త్వరగా చెబితే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ.