మోటారుబండిలో పాట, పాటలో రొద



నేటి నా ప్రసంగ విషయము మోటారుబండిలోని పాటపెట్టె చరిత్రము. ఇది పట్టణవాసుల వేడుక, మనకేల యని మీరనవచ్చును. కాని నేడు మన పల్లెలలో ట్రాక్టరు మొదలు లారీ వఱకు పాటపెట్టెలు చేరినవి. పెనుకొండకు చేరువనున్న ఎఱ్ఱమంచి కడ కియా కర్మాగారమునుండి 2019 మొదలు కార్లే తయారై వచ్చుచున్నవి. ఈ చరిత్రము మన గడప త్రొక్కినది. దానిని తెలిసికొనవలసిన యవసరము నాకు ఒక ప్రయాణమున కలిగెను. మొదట ఆ సంగతి చెప్పెదను.

మనుమరాలి పెండ్లికి ధర్మవరపు పట్టుచీరలు కొనవలెనని హిందూపురమునుండి బయలుదేరితిమి. ముందునాడే అచ్చట ఒక దుకాణమున మా పాత కారునకు క్రొత్త స్టీరియో పెట్టించితిని. బండి కదలినంతనే పాటతోపాటు సన్నని యీల యొకటి వినవచ్చెను. ఇంజను వేగము హెచ్చినకొలది ఈలయు హెచ్చెను. ఆ రాత్రి పెనుకొండలో బంధువుల యింట నిలిచితిమి. తెల్లవాఱి చూడగా బ్యాటరీ చచ్చియుండెను. నలుగురు త్రోయగా బండి కదలెను. ధర్మవరము చేరబోవునప్పటికి కాలిన వాసన వచ్చెను. "తాతా, పొగ!" యని మనుమరాలు కేకవేసెను. డ్రైవరు బండి నాపి, బ్యాటరీ తీగ నూడబెరికెను గనుక బ్రదికితిమి.

ఈల, బ్యాటరీ చచ్చుట, పొగ: ఇట్టి బాధలు మోటారులో పాట పుట్టిననాటినుండియు కలవు.

మోటారులో రేడియో నమర్చుటకు అంతకు ముందే కొందఱు యత్నించిరి. అమెరికాలో చికాగో నగరమున పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అను సోదరులు 1930 లో దానిని అంగడి సరకుగా చేసి మోటొరోలా యని పేరుపెట్టిరి. వారికి మొదటి శత్రువు ఇంజనే. పెట్రోలును మండించు ప్రతి నిప్పురవ్వయు విద్యుత్తరంగములను వెదజల్లును. జర్మను పండితుడు హెర్ట్స్ 1887 ప్రాంతమున రేడియో తరంగములను పుట్టించినది అట్టి రవ్వతోనే. అనగా ఇంజను తానే యొక చిన్న ప్రసారకేంద్రమై, ప్రక్కనున్న రేడియో చెవిలో టకటకమని కొట్టుచుండెను. అందులకు స్పార్కు ప్లగ్గుల తీగలకు నిరోధకములను, డైనమోకు కండెన్సరును తగిలించి ఆ రొద నణచిరి. గాల్విన్ అప్పు కోరి, ఒక బ్యాంకు అధికారి కారులో రేడియో పెట్టించగా, అరగంటలో ఆ కారే అంటుకొనెనని యొక కథ కలదు. మా పొగను చూచినపిమ్మట ఆ కథ నాకు వింతగా తోచదు.

మన దేశమున మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16 న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 న వెలసెను. ఇంట రేడియో నుంచుకొనుటకే లైసెన్సు కావలసిన దినములవి. నాటి వాల్వు రేడియోలు విద్యుత్తును విపరీతముగా త్రాగెడివి. 1947 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. 1955 లో క్రైస్లరు కంపెనీ కారులో వాల్వులు లేని రేడియో వచ్చెను. అందుతో ఖర్చగు విద్యుత్తు తగ్గెను గాని, మఱియొక చిక్కు కలిగెను. పెక్కు బ్రిటిషు కార్లలో బ్యాటరీ ప్లస్సు కొనను బండి యినుముతో కలుపు వాడుక 1960 దశకము వఱకు నుండెను. ఇతరులు మైనసు కొనను కలిపెడివారు. ఈ భేదమెఱుగక తీగలు తాఱుమాఱు చేసినచో ట్రాన్సిస్టరులు క్షణములో మాడిపోవును.

1963 లో ఫిలిప్సువారు క్యాసెట్టును తెచ్చిరి. పాట డ్రైవరు జేబులోనికి వచ్చెను. ఆ దశకముననే డైనమోకు బదులు ఆల్టర్నేటరు వ్యాపించెను. అది పుట్టించు విద్యుత్తు అలలు అలలుగా నుండును. దానిని చదునుచేసి బ్యాటరీకి పంపుదురు. చదును కాక మిగిలిన యలయే మా కారులో ఈలగా వినవచ్చెను.

ధర్మవరమున లారీలకు వైరింగు పనిచేయు ఒక ముసలి మేస్త్రి మా బండిని చూచెను. "సామీ, పాటపెట్టె మంచిదే. దానికి పోయే దారులే చెడినాయి" అనెను. పెట్టెను విప్పనే లేదు. బ్యాటరీ కడనుండి ఒక్కొక్క తీగనే తడవుచు పోయెను. మగ్గముపై పోగు తెగినచో నేతగాడు చీరను చింపడు గదా! పడుగు వెంట వ్రేలితో పోయి, తెగినచోట ముడివేయును.

మొదట ఫ్యూజు వెదకెను. అది లేనేలేదు. బ్యాటరీనుండి వచ్చు తీగ యినుపరేకు కన్నపు టంచున ఒరసికొని, పైతొడుగు తెగి, రేకును తాకెను. పొగకు కారణమదియే. పిమ్మట పెట్టెకు విద్యుత్తు నిచ్చు రెండు తీగలను చూచెను. ఒకటి జ్ఞాపకము నిలుపుటకు ఎల్లప్పుడు బ్యాటరీతో నుండవలెను. రెండవది బండి తాళము ద్వారా రావలెను. దుకాణదారుడు రెండింటిని కలిపి బ్యాటరీకే కట్టెను. కావున తాళము తీసినను పెట్టె నిద్రింపక రాత్రియంతయు బ్యాటరీని త్రాగెను. తుదకు ఎర్తు తీగను చూచెను. అది రంగు పూసిన రేకుపై బిగింపబడియుండెను. రంగు విద్యుత్తును పోనీయదు. పాట మ్రోగుచుండగా ఆ తీగకును, బ్యాటరీ మైనసు కొనకును నడుమ మీటరు పెట్టగా అర వోల్టు చూపెను. సున్నకు దాపుగా నుండవలసినచోట అది దోషము. రంగు గీకి, తళతళలాడు ఇనుముపై తీగను బిగింపగా ఈల యాగెను. క్రొత్త తీగ వేసి, బ్యాటరీ దగ్గఱనే ఫ్యూజు నమర్చి, రేకు కన్నమునకు రబ్బరు వలయము తొడిగెను.

ఇప్పటి కార్లలో మఱియొక జాగ్రత్త కావలెను. 1986 లో జర్మనీలోని బాష్ సంస్థ ప్రకటించిన పద్ధతిచే, ఒక జంటతీగపై పెక్కు యంత్రభాగములు సందేశములు పంపుకొనును. అట్టి తీగను పాటకొఱకు కోసినచో బండికే చేటు. కర్మాగారపు తీగలను కోయక, తగిన సాకెట్టుతో కలుపుమని చెప్పవలెను.

పెద్దలారా, మీ పిల్లలు బండిలో పాట పెట్టించునపుడు ధర నడుగుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. ఫ్యూజు ఎక్కడ నున్నది? ఎర్తు ఎచ్చట బిగించిరి? తాళము తీసిన పిమ్మట పెట్టె నిద్రించునా? ఈ ప్రశ్నలు తెలియకనే మేము నాడు చీరలకు బదులు ప్రాణములనే పోగొట్టుకొనవలసినవారము.

చీరలు కొంటిమి. తిరుగు ప్రయాణమున పాట వినవచ్చెను; ఈల వినరాలేదు. సెలవు.