సూపర్‌మాన్ కథయు క్రీస్తు కథయు



లక్డీకాపూల్ అనగా కొయ్యవంతెన యని యర్థము. నేడచ్చట కొయ్యవంతెన లేదు. పేరు మాత్రము నిలిచియున్నది. అచ్చటినుండి నాంపల్లి మీదుగా ఆదివారమునాడు ఆబిడ్సునకు పోయినవారికి ఒకవైపు సెయింట్ జార్జి దేవాలయమును, మఱియొకవైపు కాలిబాటలపై పఱచిన పాత పుస్తకముల యంగళ్లును కానవచ్చును. ఆ పుస్తకముల ప్రోవులలో నీలి యుడుపును ఎఱ్ఱని యుత్తరీయమును ధరించి మింట నెగురు సూపర్‌మాన్ కథలును దొరకుచుండును. ఈ వీరుడును ప్రభువువలె పైనుండి దిగివచ్చినవాడే గదా యని క్రైస్తవ గృహములలోని పిల్లలు తలంచుట సహజము. ఆ పోలిక యెట్లు పుట్టినది, ఎంతవఱకు నిలుచును, ఎచ్చట విఱుగును అను విషయమును నేడు విచారింతము.

సూపర్‌మాన్ 1938వ సంవత్సరమున అమెరికాలో అచ్చుబొమ్మల కథగా వెలువడెను. ఆతని సృష్టించినవారు క్లీవ్‌లండ్ నగరమున పెరిగిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులు. ఇరువురును వలసవచ్చిన యూదు కుటుంబములలో పుట్టినవారు. క్రిప్టాన్ అను గ్రహము నశింపబోవునపుడు అందలి శాస్త్రజ్ఞుడొకడు తన పసికందును చిన్న వ్యోమనౌకలో నుంచి భూమికి పంపును. ఇచ్చటి దంపతులు ఆ శిశువును తమ బిడ్డగా పెంచుదురు. ఆ బిడ్డకు తరువాత స్థిరపడిన పుట్టుపేరు కాల్-ఎల్. హీబ్రూ భాషలో ‘ఎల్’ అనగా దేవుడు.

ఈ కథ విన్న యూదులకు తమ మోషే స్మృతికి వచ్చును. ఫరో చంపింపకుండ తల్లి జమ్ముపెట్టెలో నుంచి నీటియొడ్డున విడిచిన శిశువాతడు. మనకన్ననో, కుంతి మందసములో నుంచి నదిలో విడిచిన కర్ణుడును, వసుదేవుడు రాత్రివేళ యమున దాటించిన కృష్ణుడును జ్ఞప్తికి వత్తురు. సూపర్‌మాన్ బలమంతయు సూర్యకిరణములవలన కలుగుచున్నదని పిదపటి కథకులు చెప్పిరి. మన కర్ణుడును సూర్యపుత్రుడే. కావున కథ జన్మించినపుడు దానికి క్రీస్తుతో ప్రత్యేక సంబంధమేమియు లేదు. తల్లిదండ్రులు విడువవలసివచ్చిన బిడ్డ లోకమునకు దిక్కగుట అనునది పలుజాతుల పురాణములలోని మాట.

క్రీస్తు పోలికను బలపఱచినది చలనచిత్రము. 1978లో రిచర్డ్ డోనర్ దర్శకత్వమున వెలువడిన సూపర్‌మాన్ చిత్రములో, మనుష్యులకు వెలుగు చూపుటకై తన యేకైక కుమారుని పంపితినని ఆకాశలోకపు తండ్రి పలుకును. 2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చిత్రములో నాయకునకు ముప్పదిమూడేండ్లు. అతడు చర్చిలో కూర్చుండి సందేహపడునపుడు వెనుక గాజుకిటికీపై గెత్సేమనే తోటలో ప్రార్థించు క్రీస్తు చిత్రము కనబడును. ఆ చిత్రమును విడుదల చేసినవారు పాదరీలకు ప్రసంగములకు వలయు సామగ్రిని సైతము సమకూర్చిరి. భక్తియు బేరమును ఒకే త్రాసున తూగిన సందర్భమిది.

ఇచ్చట తెలుగుదేశపు చరిత్ర గమనింపదగినది. అమెరికాలో ఆ సూపర్‌మాన్ చిత్రము వచ్చిన 1978లోనే మనకు ‘కరుణామయుడు’ వచ్చెను. ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు, విజయచందర్ క్రీస్తు పాత్రధారి. రెండేండ్ల తరువాత 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున నందమూరి తారక రామారావు నాయకుడుగా తెలుగు ‘సూపర్‌మాన్’ వెలువడెను. అందు నాయకునకు శక్తుల నొసగువాడు ఆంజనేయుడు! వేషము అమెరికాది, వరము హనుమంతునిది. ఏ జాతి తన వీరుని వెదకినను తన పూజామందిరమునందే ముందు వెదకునని ఇందువలన తెలియుచున్నది. బలశాలి యనగా తెలుగువానికి హనుమంతుడు స్ఫురించెను. క్రీస్తును చిత్రించునపుడు మాత్రము బలమును విడిచి కరుణను పేరుగా పెట్టుకొనెను. ఆ పేరు పెట్టినవారు మర్మ మెఱిగినవారు.

మన యలంకారికులు ఉపమను గూర్చి చెప్పునపుడు రెండు వస్తువులకు సామ్యముతో పాటు భేదమును ఉండవలెననిరి. భేదము లేనిచో అది పోలికయే కాదు. ఈ సూత్రమును మన విషయమునకు అన్వయింతము. ఇరువురును పైనుండి వచ్చిరి. ఇరువురును సామాన్యుల యింట పెరిగిరి. ఇరువురును ఆర్తులను ఆదుకొనిరి. ఇది సామ్యము. భేదమో?

తొలినాటి సూపర్‌మాన్‌కు ఎగురుట తెలియదు. ఎత్తైన మేడలను ఒక్క గంతులో దాటుటయే ఆతని ఘనత. సువార్తలలో సరిగా ఈ ఘట్టమే వచ్చును. సాతాను క్రీస్తును దేవాలయ శిఖరముపై నిలిపి, దేవుని కుమారుడవైనచో క్రిందికి దుమికి చూపుమనెను. ఆయన నిరాకరించెను. రాళ్లను రొట్టెలు చేయుటకును, లోకరాజ్యములను గైకొనుటకును ఒప్పుకొనలేదు. సిలువమీదనుండి దిగిరమ్మని జనులు పరిహసించినపుడును దిగలేదు. సూపర్‌మాన్ మేనికి తుపాకిగుండ్లు తగులవు. క్రీస్తు చేతులలో మేకులు దిగినవి. ఒకడు శక్తిని చూపి రక్షించును; మఱియొకడు శక్తి కలిగియు చూపక, బాధను తానే భరించి రక్షించెనని క్రైస్తవుల విశ్వాసము. ఈ భేదమును మఱచినచో పిల్లవానికి మిగులునది గెలుచు దేవుడు మాత్రమే. ఇంట మరణము సంభవించిననాడు, పరీక్షలో తప్పిననాడు, ఎగిరివచ్చి ఆదుకొనని ఆ దేవుని ఆతడు ఎట్లు నమ్మును?

అట్లని ఈ పోలికను తోసివేయనక్కఱలేదు. 1946లో అమెరికా రేడియోలో ప్రసారమైన సూపర్‌మాన్ కథయొకటి మన రేడియో శ్రోతలు వినదగినది. అందు చైనా సంతతివారగు ఒక కుటుంబమును ముసుగులు ధరించిన ముఠాయొకటి బెదరించి, మండుచున్న సిలువను వారి యింటియెదుట నిలుపును. సూపర్‌మాన్ ఆ ముఠా నెదుర్కొనును. ఆ దేశమున కూ క్లక్స్ క్లాన్ అను సంఘమువారు తాము క్రైస్తవులమని చెప్పుకొనుచు, నల్లవారిని యూదులను కాథలిక్కులను ద్వేషించి, నిజముగనే సిలువలను తగులబెట్టుచుండిరి. యూదు యువకులు కల్పించిన వీరుడు సిలువ పేర జరుగు ద్వేషమును ఖండించుట చరిత్రలో చిత్రమైన సంగతి. ఆనాడాతడు క్రీస్తుకు సమీపమున నిలిచెనన్నచో, బలహీనుని పక్షమున నిలుచుటవలననే.

ఈ కొలతతో చూచినచో మన గుఱ్ఱము జాషువ మహాకవి ఇంకను ముందు నిలుచును. 1895లో వినుకొండలో పుట్టి అస్పృశ్యతా బాధ ననుభవించిన ఆయన, 1941 నాటి ‘గబ్బిలము’లో శివునకు తన మొఱ వినిపించుటకు బలశాలి నెవ్వనిని పంపలేదు, గబ్బిలమును పంపెను. దేవాలయమున దానికి చోటు కలదు, మనుష్యునకు లేదు. ఆయనయే తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రచించి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. నీచమని లోకము త్రోసిన ప్రాణియే దూతయగుట క్రీస్తు కథకు ఎగురు వీరునికంటె దగ్గఱి ఉపమానము.

కావున తల్లిదండ్రులారా, ఆబిడ్స్ కాలిబాటపై మీ బిడ్డ సూపర్‌మాన్ పుస్తకము కోరినచో కొనియిండు. చదివిన పిదప ఆ వీరుడు ఎవరి పక్షమున నిలిచెనో యడుగుడు. ఆ బలము లేనివాడు అట్లు నిలువగలడా యనియు అడుగుడు. పోలిక వంతెన వంటిది. దానిమీద కాపురము చేయరాదు, ఆవలిగట్టు చేరవలెను.