కవిలె నుంచి కంప్యూటర్ దాకా: జమ్మలమడుగు ప్రాంతంలో భూమి లెక్కలు

కార్యాలయాల్లో కాగితం స్థానంలోకి కంప్యూటర్ రావడాన్ని మనం కొత్త మార్పుగా భావిస్తాం. కాని జమ్మలమడుగు ప్రాంతపు భూమి లెక్కలు అంతకుముందే ఒకసారి రూపం మార్చుకున్నాయి. రెండుసార్లూ రైతుకు ముఖ్యమైన ప్రశ్నలు ఇవే: లెక్కను ఎవరు చూడగలరు? తప్పుంటే ఎవరు దిద్దుతారు?

కరణం చేతి లెక్క

పూర్వం గ్రామ లెక్కలు, పాత సంగతులు కరణాల కవిలెలలో ఉండేవి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి, రైతువారీ విధానానికి పునాది వేశాడు. ప్రతి పొలానికీ విడిగా లెక్క రాయవలసి రావడంతో కచేరీల్లో కాగితాలు పెరిగాయి. ఆ శతాబ్దారంభంలోనే కాలిన్ మెకంజీ సహాయకులు కవిలెల ఆధారంగా కైఫియతులు రాయించారు. తరువాత కవిలెలు చాలావరకు నశించడంతో ఆ కైఫియతులే చరిత్రకు ఆధారమయ్యాయి.

అయినా గ్రామ లెక్క మాత్రం కరణం చేతిలోనే ఉండిపోయింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది.

కంప్యూటర్ రాక

రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో దస్తావేజులను చేతితో పుస్తకాలలోకి ఎక్కించేవారు. ఈసీ కావాలంటే ఏళ్ల సూచికలు తిరగేయాలి. 1998 నవంబరులో ‘కార్డ్’ పథకంతో ఈ పని కంప్యూటర్‌పైకి మారింది. అయితే కంప్యూటర్‌లోకి 1983 నుంచి ఉన్న సూచికలనే ఎక్కించారు; అంతకుముందరి లావాదేవీలకు పాత పుస్తకాలే దిక్కు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ పత్రానికి, డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. 2011లో ‘మీసేవ’ మొదలైంది. 2015లో వచ్చిన ‘మీభూమి’ ద్వారా అడంగల్, 1-బి ఎవరైనా చూసుకోగలుగుతున్నారు.

పరిశీలన

తండ్రి చనిపోయాక పేరు మార్పించుకోని కుటుంబాన్ని తీసుకోండి. కంప్యూటర్‌లోనూ చనిపోయిన వ్యక్తి పేరే ఉంటుంది. పంట రుణానికి వెళ్లినా, గండికోట జలాశయం వంటి ప్రాజెక్టుకు భూమి పోయి పరిహారం అడిగినా ముందు చూసేది రికార్డులో పేరునే. పూర్వం ఇలాంటి లోపం కరణం ఇంట్లో కట్టలో దాగి ఉండేది. ఇప్పుడు అది రైతు కళ్లకు కనిపిస్తుంది. దిద్దించుకోవడానికి మాత్రం అర్జీ, విచారణ, అవసరమైతే కొలతలు తప్పవు. అంటే ఎలక్ట్రానిక్ రికార్డు చూసే హక్కును విస్తరించింది. దిద్దే పని ఇంకా మనుషులదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

‘కార్డ్’కు ముందు, తరువాత ఈసీ పొందే విధానాన్ని పోల్చండి.