పట్నములో బస

వైశాఖము వచ్చుసరికి నూజివీటి ప్రాంతపు తోటలలో రసాలు, బంగినపల్లి కాయలు కోతకు సిద్ధమగును. వరిగడ్డి పరచి కాయను మాగవేసి, బుట్టల కెత్తి రైలెక్కించుట ఆ సీమవారికి తాతలనాటి అలవాటు. అమ్మకమునకు పోవు బుట్టలు పోగా ఒకటి రెండు మాత్రము వేరుగా ఉంచెడివారు. అవి చెన్నపట్నములో తమకు బస ఇచ్చు బంధువులకు. కోర్టు పని యున్నను, పెద్ద వైద్యునికి చూపించుకొనవలసి యున్నను, కుమారుని కళాశాలలో చేర్పింపవలసి యున్నను, రైతు మొదట ఆలోచించునది పనిని గూర్చి కాదు, బసను గూర్చి. "ఎక్కడ దిగుదుము?" అను ప్రశ్నకు సమాధానము దొరికిన పిమ్మటనే ప్రయాణము నిశ్చయమగుచుండెను.

నేడు ఆ ప్రశ్నయే వేరొక రూపమున వినిపించుచున్నది. పెండ్లికో, వైద్యమునకో, విదేశమునుండి వచ్చు బిడ్డను కలిసికొనుటకో మహానగరమునకు పోవు కుటుంబము, ఉన్న హోటళ్ళలో మేలైనది ఏదని విచారించుచున్నది. ఈ విచారణ వెనుక ఒక దీర్ఘచరిత్ర కలదు. అది తెలిసినచో ఎన్నిక కొంత సులభమగును.

వెలకు అన్నము పెట్టు ఇండ్లు తెలుగుదేశమున క్రొత్తవి కావు. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామములో, ఒక్క రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూటి యిల్లు మనకు కనిపించును. అయినను అన్నవిక్రయము పెద్దల దృష్టిలో గౌరవమైన వృత్తి కాలేదు. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను లోకము ఎట్టి చూపు చూచినదో ఆ నాటకము నెరిగినవారికి చెప్పనక్కరలేదు. గౌరవమంతయు సత్రమునకు దక్కెను. సత్రమున అన్నము ఉచితమే. కాని అందరికిని కాదు. అనేక సత్రములలో పంక్తి ఏ వర్ణమువారిదో ముందుగనే నిర్ణయమై యుండెడిది. డబ్బు అడుగని చోట కులము నడిగిరి.

చెన్నపట్నపు సుప్రీము కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యెను. దారిలోని ఊళ్ళలో దిగుటకు చోటున్నదా, నీరు మంచిదా, అంగళ్ళలో సామానులు దొరకునా అని ఆయన శ్రద్ధతో వ్రాసికొనిరి. చోటు, నీరు, ఆహారము - ఈ మూటిని మించి నాటి బాటసారి కోరినది లేదు. నేటి హోటళ్ళ ఆడంబరమంతయు ఈ మూటిపై కట్టిన మేడయే.

1893లో బెజవాడవద్ద కృష్ణానదిపై రైలు వంతెన సిద్ధమయ్యెను. 1899లో బెజవాడ - మద్రాసు మార్గము తెరువబడెను. కాలువపడవలలో, ఎద్దుబండ్లలో దినముల తరబడి సాగిన ప్రయాణము ఒక రాత్రి ప్రయాణముగా మారెను. పట్నమునకు పోవువారు పెరిగిరి. బస మాత్రము అంతగా పెరుగలేదు. పెద్ద జమీందారులకు సొంత బంగళాలుండెడివి. తక్కినవారికి బంధువుల వసారాయే గతి. చదువునకు వచ్చిన పిల్లల అవస్థ మరియు కష్టము. బ్రాహ్మణేతర విద్యార్థులకు వసతి దొరకుట లేదని డాక్టరు నటేశ మొదలియారు 1916లో తిరువల్లిక్కేణిలో ద్రావిడ గృహమును నెలకొల్పిరి. బస అనునది సౌఖ్యవిషయము మాత్రమే కాదనియు, చదువు అందుటకును అందకపోవుటకును అదియే కారణము కాగలదనియు ఆ గృహము చాటినది.

మరి విలాసమైన హోటళ్ళు లేవా? ఉండెను. మద్రాసులో 1854లో ఇంపీరియల్ అను పేర వెలసిన హోటలు, 1886లో ఆల్బనీ అయి, 1890లో గవర్నరు కన్నెమరా ప్రభువు పేరు దాల్చెను. 1891లో స్పెన్సరు కంపెనీకి చెందిన యూజీన్ ఓక్‌షాట్ దానిని కొనెను. బొంబాయిలోని వాట్సన్ హోటలు ఇనుపచట్రము ఇంగ్లండులో తయారై ఓడలలో వచ్చినది. 1896 జూలై 7వ తేదీన లూమియేర్ సోదరుల చలనచిత్రములను మన దేశమున మొదటిసారి చూపినది అచ్చటనే. ఆ హోటలు తెల్లవారికే ప్రత్యేకము. జంషెడ్జీ తాతా వారికి అచ్చట ప్రవేశము నిరాకరింపబడినదనియు, ఆ కోపముతోనే ఆయన తాజ్‌మహల్ హోటలు కట్టించెననియు ఒక కథ ప్రచారములో నున్నది. చరిత్రకారులు కొందరు దీనిని సందేహింతురు. కథ ఎట్లున్నను, 1903 డిసెంబరు 16వ తేదీన తెరువబడిన తాజ్‌లో భారతీయునికిని ప్రవేశము కలిగినదన్నది నిజము. అంతవరకు దొరల హోటళ్ళను అతిథి ఎన్నుకొనుట లేదు. హోటలే అతిథిని ఎన్నుకొనుచుండెను.

దొరల హోటలుకును బంధువుల వసారాకును నడుమ ఒక మార్గమును చూపినవారు ఉడిపివారు. కె. కృష్ణారావుగారు 1938లో మద్రాసు రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలును, 1952లో ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డులో న్యూ ఉడ్‌లాండ్స్‌ను నెలకొల్పిరి. 1954లో దాసప్రకాశ్ వచ్చెను. శుభ్రమైన గది, నమ్మకమైన శాకాహారము, సంసారులు స్త్రీలతో పిల్లలతో నిస్సంకోచముగా దిగదగిన వాతావరణము - ఇవి అట్టి హోటళ్ళ ఆకర్షణ. అప్పటికి తెలుగు సినిమా మద్రాసులో వేళ్ళూనినది. నూజివీటి సీమకు చెందిన మీర్జాపురము రాజావారు తమ స్టూడియోకు ఆగిరిపల్లి కొండదేవుని పేర శోభనాచల యని నామకరణము చేసి, 1949లో కీలుగుర్రము చిత్రమును నిర్మించిరి. అట్టి పనులపై వచ్చు తెలుగువారికి బస నిత్యావసరమయ్యెను.

కాని గది దొరకిన మాత్రమున సమస్య తీరునా? స్వాతంత్ర్యమునకు పూర్వము దక్షిణదేశపు భోజనశాలలలో పెక్కింట బ్రాహ్మణులకు వేరు గది యుండెడిది. హరిజనులకు అసలు గడపయే లేదు. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణములో దుకాణములతోపాటు హోటళ్ళను కూడ పేర్కొని, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఏ పౌరునికిని అచ్చట ప్రవేశము నిరోధింపరాదని శాసించెను. అస్పృశ్యత పేరిట హోటలు ప్రవేశమును నిరాకరించుట 1955 నాటి చట్టముచే శిక్షార్హమయ్యెను. దేశమునకు మూలశాసనమైన గ్రంథములో హోటలు ప్రస్తావన ఏల యని ఎవరైన అడిగినచో, గడప బయట నిలువబడినవారి తరముల చరిత్రయే దానికి సమాధానము.

ఇంతలో రాజుల కాలమును మారినది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు ముగిసెను. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా 1884లో కట్టనారంభించిన ఫలక్‌నుమా, పిమ్మట ఆరవ నిజాముకు చెంది, రాజాతిథుల విడిది అయ్యెను. అచ్చటి భోజనపు బల్లవద్ద నూటొక్కమంది కూర్చుండవచ్చును. 2010లో ఆ భవనమే హోటలుగా తెరువబడినది. నాడు నవాబు పిలుపు కావలెను. నేడు వెల కావలెను. ఇది చిన్న మార్పు కాదు. అయినను వెలయు ఒక గడపయే అని మరువరాదు.

కావున హోటలును ఎన్నుకొనునప్పుడు నక్షత్రములను మాత్రమే లెక్కింపరాదు. నక్షత్రములు గదులను, వసతులను కొలుచును, మర్యాదను కొలువవు. మన పని యున్న చోటికి అది దగ్గరయా? వృద్ధులకు మెట్ల బాధ లేకుండునా? మన పథ్యమునకు తగిన ఆహారము దొరకునా? చెప్పిన వెలలో పన్నులును ఉపాహారమును చేరియున్నవా? ఈ ప్రశ్నలు వీరాస్వామయ్యగారి ప్రశ్నలకు మనుమలు. వీటికి మరియొకటి చేర్చవలసియున్నది: మనలను నూజివీటి నుండి తీసికొనివచ్చిన డ్రైవరు ఈ రాత్రి ఎచ్చట పండుకొనును? పాలరాతి వాకిలిలో మనకు నమస్కరించినవారు, అతనికి మంచినీళ్ళు ఇత్తురా? ఒకనాడు మన పెద్దలు నిలిచిన గడప బయట నేడు అతడు నిలిచియుండిన, మనము దాటివచ్చినామనుకొన్న చరిత్రను ఇంకను దాటలేదన్నమాట.

ఇక మామిడిపండ్ల బుట్ట మాట. హోటలువారికి బుట్ట అక్కరలేదు, పైకము చాలును. కాని పట్నములోని బంధువులు "మా ఇల్లుండగా హోటలేమిటి?" అని నొచ్చుకొనుట సహజము. గది హోటలులో తీసికొన్నను, బుట్టను మాత్రము వారి ఇంటికే చేర్పుడు. ఒక పూట వారి ఇంట భోజనము చేయుడు. వెల యిచ్చిన చోట ఋణము మిగులదు. అన్నము పెట్టిన చోట మిగులును. ఆ ఋణము కొంత మిగిలియుండుటయే మేలు.