గీతకు ఇవతలి కన్నడం

మాది తలుపుల. 1910 దాకా మా ప్రాంతం కడప జిల్లా. ఆ ఏట కదిరి తాలూకాతో పాటు అనంతపురంలో చేరింది. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లాలు మారినా మా ఊరి తెలుగు మారలేదు. అయితే కదిరి, గోరంట్ల, హిందూపురం దాటి మడకశిర వైపు పోతూ ఉంటే బస్సులోని మాటలు ఎక్కడ కన్నడమైనాయో తెలియదు. మా చిన్నాన్న కోడలిది ఆ వైపు అగళి. పెళ్ళైన తరువాతే ఆమె తెలుగు చదవడం నేర్చింది.

ఆమె మాటలు వింటూ ఉండగానే కన్నడాన్ని పోలిష్ భాషతో పోల్చి చూడాలనిపించింది. వింత జతే! కానీ 2011 జనగణనలో కన్నడం మాతృభాషగా చెప్పినవారు 4 కోట్ల 37 లక్షలు. 2021లో పోలండు జనాభా సుమారు 3 కోట్ల 80 లక్షలు, వారిలో అత్యధికులది పోలిషే. రెండు భాషలవారూ చాలాకాలం పలు పాలనల కింద చీలి ఉన్నారు. పోలండును 1795 నుండి 1918 దాకా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకొన్నాయి. కన్నడసీమ 1956 దాకా మైసూరు, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు, కొడగుల మధ్య ఉండింది.

1931లో పోలండులో పోలిష్ మాతృభాషగా చెప్పినవారు నూటికి 69 మందే. యుద్ధంలో నాజీలు అక్కడి యూదులను లక్షలాదిగా చంపారు. 1945లో సరిహద్దును పడమటికి జరిపారు. ల్వూఫ్ నగరం సోవియట్ యూక్రేనుకు పోగా, అక్కడి పోలిష్‌వారిలో అత్యధికులు ఇల్లూ వాకిలీ విడిచి వెళ్ళవలసి వచ్చింది. జర్మనులను వెళ్ళగొట్టిన బ్రెస్లావులో, అంటే నేటి వ్రొత్స్వాఫులో, ఎందరో స్థిరపడ్డారు. ల్వూఫులోని ఒస్సొలినెయుమ్ గ్రంథాలయపు పుస్తకాలు కూడా కొన్ని 1946, 47లలో అక్కడికే చేరాయి. భాషకూ రాజ్యానికీ పటం మీద పొంతన అలా కుదిరింది.

మన వైపు 1953లో బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకాపై తగవు రేగి, మిశ్రా విచారణ తరువాత అది మైసూరుకే దక్కింది. మనుషులను మాత్రం ఎవరూ కదిలించలేదు. మడకశిర పక్కనున్న గీత ఇంకా పాతది. కంపెనీకి వచ్చిన దత్తమండలాలకూ మైసూరు సంస్థానానికీ నడుమ ఏర్పడినది. దానికి ఇవతల అగళి, రొళ్ళ, అమరాపురంలలో కన్నడం నిలిచింది. అవతల పావగడ, బాగేపల్లిలలో తెలుగు నిలిచింది. పావగడను పటంలో చూడండి, దాదాపు చుట్టూ మనమే. అమరాపురం దగ్గరి హేమావతి నొళంబుల రాజధాని. అక్కడి శాసనాల కన్నడానికి వెయ్యేళ్ళ వయసు, ఏ గీతకైనా తాత.

మా కోడలి తమ్ముడు అగళిలో కన్నడ బడిలోనే చదివాడు. కార్యాలయం నుండి తెలుగు కాగితం వస్తే ఈనాటికీ ఫొటో తీసి అక్కకు పంపుతాడు. మొన్న వచ్చినది పొలం హద్దుల నోటీసు. ఆమె వంటింట్లో నిలబడి, తెలుగులో చదువుకొని, ఫోనులో కన్నడంలో చెప్పింది.