ఉప్పుతో ఒక పరీక్ష: కాంగ్రా లోయలో గళగండ నివారణ

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ వంటింట్లోని ఉప్పు ప్యాకెట్టు ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది. పక్కనే అయోడిన్ ఎంత ఉందో చెప్పే ఒక చిన్న వాక్యం ఉంటుంది. వినియోగదారుడి చేతికి వచ్చేసరికి పది లక్షల పాళ్ళ ఉప్పులో కనీసం 15 పాళ్ళ అయోడిన్ ఉండాలన్నది నియమం. ఈ నియమం స్థిరపడటానికి మన దేశంలో సుమారు యాభై ఏళ్ళు పట్టింది. అంత కాలం ఎందుకు పట్టిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

వినాళ గ్రంథుల గురించి మీరు ఇదివరకే చదివారు. వాటిలో గొంతు ముందుభాగంలో ఉండే అవటు గ్రంథిని, అంటే థైరాయిడ్‌ను, గుర్తుకు తెచ్చుకోండి. అది తయారుచేసే థైరాక్సిన్ ప్రతి అణువులోనూ నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతుంది. ఒక మనిషికి జీవితకాలానికి కావలసినదంతా కలిపినా ఒక చెంచాడు కాదు. ఆ కొంచెం కూడా తిండిలో దొరకకపోతే థైరాక్సిన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి థైరాయిడ్‌ను మరింతగా ప్రేరేపిస్తుంది. రక్తంలోని కాస్త అయోడిన్‌నూ పట్టుకోవాలని థైరాయిడ్ పెరుగుతుంది. అదే గళగండం. మెడ మీద వాపు అందరికీ కనిపిస్తుంది కాబట్టి చాలాకాలం దాన్నే వ్యాధిగా చూశారు. అసలు నష్టం కనపడని చోట జరుగుతుంది. గర్భిణికి అయోడిన్ బాగా తక్కువైతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. బుద్ధిమాంద్యం, చెవుడు, మూగతనం, కురచతనం కలిసివచ్చే క్రెటినిజం అనే స్థితి ఏర్పడితే, తరువాత ఎంత అయోడిన్ ఇచ్చినా ఆ నష్టం పూడదు.

యూరప్‌లో ఈ సంగతులు ముక్కలుముక్కలుగా బయటపడ్డాయి. 1811లో కుర్టువా సముద్రపు నాచు బూడిద నుంచి అయోడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు కువాండే దాన్ని గళగండ రోగులకు ఇచ్చాడు. మోతాదు ఎక్కువై కొందరికి హాని జరగడంతో ఆ చికిత్సకు చెడ్డపేరు వచ్చింది. శస్త్రవైద్యులు వాచిన గ్రంథిని కోసి తీసేయడం నేర్చుకున్నారు. బెర్న్ నగరంలో కోహర్ ఇందులో ఆరితేరినవాడు. అయితే గ్రంథిని పూర్తిగా తీసేసిన రోగులు కొన్నాళ్ళకు మందకొడిగా, ఉబ్బిన ముఖాలతో తయారవుతున్నారని 1883లో ఆయనే ప్రకటించాడు. తన చికిత్స వల్ల కలిగిన కీడును తానే బయటపెట్టినవారు వైద్యచరిత్రలో ఎక్కువమంది ఉండరు. ఆ గ్రంథి లేకపోతే ఏమవుతుందో లోకానికి అలా తెలిసింది. 1891లో ఇంగ్లండులో మర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఇంకా 28 ఏళ్ళు బతికింది. 1895లో బౌమాన్ థైరాయిడ్‌లో అయోడిన్ ఉందని చూపాడు. 1917లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మెరీన్, కింబాల్ అనే వైద్యులు బడిపిల్లలకు అయోడిన్ ఇచ్చి చూడటం మొదలుపెట్టారు. 1920లలో స్విట్జర్లాండు, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం అయోడిన్ ఉప్పును వాడుకలోకి తెచ్చాయి.

ఇక మన వైపు చూడండి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు గిల్గిట్‌లో పనిచేశాడు. అక్కడ ఒకే కాలువ వెంట ఉన్న ఊళ్ళలో, ఎగువ నుంచి దిగువకు వెళ్ళేకొద్దీ గళగండం ఎక్కువగా ఉండటం గమనించాడు. పై ఊరి మురికి కింది ఊరికి చేరుతోంది కాబట్టి ఇది నీటి ద్వారా వచ్చే అంటువ్యాధి అని అనుకున్నాడు. ఆ నీటిలోని మడ్డిని తాను తాగి, ఇతరులకూ ఇచ్చి పరీక్షించాడు. అతని పరిశీలనలో లోపం లేదు, తీసిన కారణం మాత్రం అసలు విషయాన్ని పక్కకు నెట్టింది. విద్యార్థులుగా మీరు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. తరువాత ఆయన నీలగిరులలోని కూనూరులో స్థాపించిన పరిశోధన విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ కూనూరు ప్రయోగశాలలోనే కొంతకాలం పనిచేసిన తెలుగువారు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చారు. ఉప్పుమడులున్న నౌపడా ఆయన సొంత జిల్లాలోనిదే కావడం ఒక చిత్రమైన సంగతి.

హిమాలయాల వెంట గళగండం విస్తారంగా ఉంది. వానలు, కరిగిన మంచు నేలలోని అయోడిన్‌ను కడిగేస్తాయి; ఆ నేలలో పండిన పంటలోనూ అది ఉండదు. ఇది ఊహగా మిగలకుండా రామలింగస్వామి బృందం అక్కడి వారి మూత్రంలో అయోడిన్‌ను కొలిచింది, చాలా తక్కువగా ఉంది. రేడియోధార్మిక అయోడిన్ కొద్దిగా ఇచ్చి చూస్తే థైరాయిడ్ దాన్ని ఆత్రంగా లాక్కుంది. ఆకలిగొన్న గ్రంథి అలాగే చేస్తుంది.

తరువాత 1956లో, అప్పటి పంజాబ్ రాష్ట్రంలోని కాంగ్రా లోయలో పెద్ద పరీక్ష మొదలైంది. సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడో మండలానికి మామూలు ఉప్పు పంపారు. రెండు రసాయనాలు ఎందుకంటే, మన గల్లుప్పులో తేమ ఎక్కువ, అందులో అయోడైడ్ నిలవదు, అయోడేట్ నిలుస్తుంది. రోగనిర్ధారణకు యంత్రాలేవీ అవసరం రాలేదు. మెడను చూసి, వేళ్ళతో తడిమి, వాపు స్థాయిని నమోదు చేశారు. మొదట్లో మూడు చోట్లా గళగండం దాదాపు 38 శాతం. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న మండలాల్లో అది సుమారు 19కి, 15కి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట 40 దగ్గర నిలిచింది. అప్పుడు మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా వాపులు తగ్గాయి.

ఇక్కడ మీరు ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఆరేళ్ళలో మూడో మండలంలో పుట్టిన పిల్లల మాటేమిటి? స్విట్జర్లాండులో ఫలితం అప్పటికే తెలుసు కదా? పరీక్ష చేసినవారి వైపు నుంచి జవాబు ఉంది. మిగిలిన హిమాలయ ప్రాంతమంతా అదే మామూలు ఉప్పు తింటోంది. మన తేమ ఉప్పులో, మన ఎండలో, మన సరఫరాలో అయోడిన్ నిలుస్తుందని రుజువు లేకపోతే ప్రభుత్వం డబ్బు పెట్టదు. ఈ జవాబులో బలం ఉంది. అయినా ఇవాళ ఏ నైతిక సంఘమూ అలాంటి పరీక్షకు సులభంగా అనుమతి ఇవ్వదు. నా ఉద్దేశంలో అంతకంటే బరువైన తప్పు రుజువు దొరికిన తరువాత జరిగింది.

1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కానీ ఉప్పుకు అయోడిన్ కలపడం ప్రభుత్వ రంగానికే పరిమితమైంది. ఉత్పత్తి చాలలేదు, చౌకగా దొరికే మామూలు ఉప్పు కొండల్లోకి వస్తూనే ఉంది. 1980లలో కొచ్చుపిళ్ళై బృందం ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా జిల్లాల్లో అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించింది. థైరాయిడ్ హార్మోను లోపం ఢిల్లీతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. మెడ తడిమితే తెలియని నష్టం ఈ పరీక్షతో అంకెల్లోకి వచ్చింది. 1984 నుంచి ప్రైవేటు ఉత్పత్తిదారులకూ అనుమతి దొరికింది. 1992లో కార్యక్రమం పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణగా మారింది. గళగండం అన్న మాట చాలదని అప్పటికి అర్థమైంది.

అక్కడితో వివాదం తీరలేదు. అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై కేంద్రం పెట్టిన నిషేధాన్ని 2000లో ఎత్తేశారు. తినే ఉప్పు విషయంలో బలవంతం ఏమిటని కొందరు, చిన్న ఉప్పుమడుల రైతులు చితికిపోతారని కొందరు వాదించారు. రెండో వాదన తేలిగ్గా తోసేయదగినది కాదు, ఎందుకంటే యంత్రం, ప్యాకింగు ఖర్చు పెద్ద కంపెనీ భరించినట్టు మడి కౌలుదారు భరించలేడు. 2006లో నిషేధం మళ్ళీ వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు, కల్తీ నిరోధక చట్టం కింద ఇలాంటి నియమం చేసే అధికారం లేదని చెబుతూనే, ప్రభుత్వం సరైన మార్గం చూసుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చింది. ఆ తరువాత ఆహార భద్రత నిబంధనల కింద అది కొనసాగుతోంది.

చివరగా ఒక హెచ్చరిక. మీ ఇంట్లో ఎవరైనా ఉదయాన్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంటే, దాన్ని ఉప్పు లోపంగా లెక్కవేయకండి. అయోడిన్ సరిపడా దొరికే చోట థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం శరీర రక్షణ వ్యవస్థే ఆ గ్రంథిపై దాడి చేయడం. దాన్ని రక్తంలోని టీఎస్‌హెచ్ పరీక్షతో గుర్తిస్తారు, మోతాదును కూడా ఆ పరీక్షను బట్టే సరిచేస్తారు. ఉప్పు మార్చినందువల్ల ఆ మాత్ర మానేయడానికి వీలుండదు.