తొలి సంతకం, వెనకే వచ్చే బిల్లు

కొత్త ముఖ్యమంత్రి జనం ఎదుట ప్రమాణం చేసి, అదే వేదిక మీద మొదటి ఫైలుపై సంతకం పెట్టడం తెలుగు రాజకీయాల్లో నాలుగు దశాబ్దాలుగా స్థిరపడుతూ వచ్చిన ఆచారం. ఖజానా నుంచి ఏదో ఒకటి ఇవ్వడానికో, ఖజానాకు వచ్చేదాన్ని వదులుకోవడానికో ఆ సంతకం పడుతుంది. అందుకు కావలసిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న సంగతి ఆ రోజు తేలదు. అది తర్వాత సారా ధరగానో, కరెంటు బిల్లుగానో, రేషన్ బియ్యం రేటుగానో ఇంటింటికీ చేరుతుంది. కొత్త ప్రభుత్వపు రాబడి, ఖర్చుల మీద ప్రజల అసలు మాట కూడా అప్పుడే వినిపిస్తుంది.

ఈ చరిత్రలో చాలా భాగం హైదరాబాద్‌లోని బర్కత్‌పుర చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లలోనే నడిచింది. బర్కత్‌పుర నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా వెళ్తే బషీర్‌బాగ్ వస్తుంది. ఆ పక్కనే ప్రమాణ స్వీకారాలు జరిగే లాల్ బహదూర్ స్టేడియం, దాన్ని దాటితే శాసనసభ. మరోవైపు చిక్కడపల్లి, అశోక్‌నగర్, వాటిని ఆనుకొని ఇందిరా పార్కు ధర్నా చౌక్ ఉన్నాయి. వరాలు ప్రకటించే వేదిక నుంచి వాటి మీద నిలదీసే వీధులకు నడిచి వెళ్లవచ్చు.

1983: చవక బియ్యం, 55 ఏళ్ల విరమణ

నందమూరి తారక రామారావు (ఎన్టీఆర్) 1982 మార్చి 29న హైదరాబాద్‌లోని కొత్త ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. తొమ్మిది నెలల్లోనే ఎన్నికలు వచ్చాయి. కిలో రెండు రూపాయల బియ్యం ఆయన ప్రధాన వాగ్దానం. దాన్ని ఎదుర్కోవడానికి అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి కిలో రూ.1.90కే ఇస్తామన్నా ఓటర్లు నమ్మలేదు. 1983 జనవరి 9న ఎన్టీఆర్ రాజ్‌భవన్‌లో కాకుండా లాల్ బహదూర్ స్టేడియంలో ప్రజల సమక్షంలో ప్రమాణం చేశారు. ఆచారంలోని మొదటి భాగం, అంటే బహిరంగ ప్రమాణం, అలా మొదలైంది. వేదిక మీది సంతకం దానికి తోడవడానికి ఇంకా దాదాపు పన్నెండేళ్లు పట్టింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో రెండు రూపాయల బియ్యం పథకం అమల్లోకి వచ్చింది. ఏడాదికి ఆరు వేల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు మనిషికి ఐదు కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోల వరకు ఇచ్చారు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లలో వరి అన్నం రోజువారీ తిండిగా మారడంలో ఈ పథకానికి పెద్ద వాటా ఉంది. తర్వాత ఏ పార్టీ గెలిచినా చవక బియ్యాన్ని ఎత్తివేసే సాహసం చేయలేదు. మార్చగలిగింది ధరను, పరిమాణాన్ని మాత్రమే.

అదే ప్రభుత్వం తీసుకున్న మరో నిర్ణయానికి మధ్యతరగతి పేటల్లో పూర్తిగా భిన్నమైన స్పందన వచ్చింది. 1983 ఫిబ్రవరి 8న ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. యువతకు ఉద్యోగాలు కల్పించడమే దీని ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. ఫిబ్రవరి 28న ఒక్కరోజే 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటిదారి పట్టారు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు మరో మూడేళ్ల జీతం మీద లెక్కవేసుకున్న కుటుంబాలు మూడు వారాల వ్యవధిలో ఆ లెక్కలన్నీ తిరగరాసుకోవలసి వచ్చింది. ఉద్యోగులు న్యాయస్థానాలకెక్కారు. 1985 జనవరి 18న కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. అయితే అంతకు ముందే, 1984 ఆగస్టులో, నాదెండ్ల భాస్కరరావు స్వల్పకాలిక ప్రభుత్వం వయస్సును మళ్లీ 58కి పెంచింది. మధ్యకాలంలో ఇంటికి పంపిన వారిలో ఇంకా 58 నిండనివారికీ ఆ ప్రయోజనం దక్కాలని సుప్రీంకోర్టు 1985 ఆగస్టులో బి. ప్రభాకరరావు కేసులో తీర్పు చెప్పింది.

సారా పైసలు

బియ్యానికీ, ఇతర సంక్షేమానికీ డబ్బు సమకూర్చిన మార్గాల్లో ఆబ్కారీ ముఖ్యమైనది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో సరఫరా చేసింది. సారా ఊరి చివరి దుకాణం నుంచి ఇంటి గడపదాకా వచ్చింది. 1991–92 నాటికి ఆబ్కారీ రాబడి ఎనిమిది వందల కోట్ల రూపాయలు దాటింది. చవక బియ్యం రూపంలో ఇంటికి చేరిన సాయంలో చాలా భాగం సారా రూపంలో అదే ఇంటి నుంచి తిరిగి ఖజానాకు వెళ్లింది.

ఈ లెక్కను మొదట బయటపెట్టింది ఆర్థికవేత్తలు కాదు, పల్లె స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. స్త్రీలు దుకాణాలు మూయించారు, సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఎన్టీఆర్ ఒక అడుగు ముందుకు వేసి సంపూర్ణ మద్యనిషేధాన్ని వాగ్దానం చేశారు. 1992లో మూడున్నర రూపాయలకు పెంచిన బియ్యం ధరను మళ్లీ రెండుకు తెస్తామన్నారు. 1994 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 26 స్థానాలే.

డిసెంబర్ 12న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేస్తూనే ఆయన మద్యనిషేధం ఫైలుపై సంతకం పెట్టారు. తొలి సంతకం అన్న మాటకు రాజకీయ బరువు వచ్చింది అప్పుడే. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. అటు రాబడి పోయింది, ఇటు బియ్యం సబ్సిడీ పెరిగింది.

శ్వేతపత్రాలు, పెరిగిన ధరలు

1995 సెప్టెంబర్ 1న ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబు నాయుడు 1996లో రాష్ట్ర ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రాలు విడుదల చేశారు. ఖజానా పరిస్థితిని ప్రజల ముందు పెట్టి, తర్వాత భారం మోపడం ఇందులోని పద్ధతి. బియ్యం ధర మళ్లీ మూడున్నర రూపాయలకు చేరింది. మనిషికి ఐదు కిలోలు నాలుగయ్యాయి. 1997 ఏప్రిల్ 1న మద్యనిషేధం ఎత్తివేశారు. నిషేధం కోసం వీధుల్లోకి వచ్చిన స్త్రీలకు ఇది నమ్మకద్రోహంగా తోచింది. ఆబ్కారీ రాబడి తిరిగి రాష్ట్ర ఆదాయపు మూలస్తంభమైంది.

విద్యుత్ రంగంలో మార్పు ఇంకా లోతుగా జరిగింది. ఎన్టీఆర్ కాలంలో వ్యవసాయ పంపుసెట్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు మాత్రమే వసూలు చేసేవారు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ప్రపంచ బ్యాంకు రుణం ఈ సంస్కరణలతో ముడిపడి ఉంది. ఛార్జీలను నిర్ణయించే అధికారం కొత్తగా ఏర్పడిన నియంత్రణ మండలికి వెళ్లింది. 1999 ఎన్నికల్లో తెలుగుదేశం మళ్లీ గెలిచిన కొద్ది నెలలకు, 2000 మే 27న, ఆ మండలి మొదటి ఛార్జీల ఉత్తర్వు వెలువడింది.

బషీర్‌బాగ్, 2000 ఆగస్టు 28

పెరిగిన బిల్లు పట్టణంలో గుమాస్తాకూ, పల్లెలో రైతుకూ ఒకే నెలలో అందింది. బియ్యం మీద, సారా మీద ఊరికీ నగరానికీ ఉన్న అనుభవాలు వేరు. కరెంటు బిల్లు మాత్రం అందరిదీ. అందుకే వామపక్షాలు కదిలించిన ఉద్యమం వేసవి దాటేసరికి రాష్ట్రవ్యాప్తమైంది. ఊళ్లలో బిల్లులు తగలబెట్టారు. కాంగ్రెస్ శాసనసభ్యులు వై.ఎస్. రాజశేఖర రెడ్డి నాయకత్వంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆగస్టు 28న ‘చలో అసెంబ్లీ’కి పిలుపు వచ్చింది.

శాసనసభ వైపు సాగిన ప్రదర్శనను పోలీసులు బషీర్‌బాగ్ దగ్గర అడ్డుకున్నారు. లాఠీలు, నీటి ఫిరంగులు, గుర్రపు దళాలు అయ్యాక కాల్పులు జరిగాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు. ఒక ఛార్జీల ఉత్తర్వు మీద నిరసన తెలపడానికి వచ్చిన పౌరులు రాజధాని నడిబొడ్డున తూటాలకు బలికావడం రాష్ట్రం మరచిపోలేదు. ఏటా ఆగస్టు 28న వామపక్షాలు అక్కడి స్మారకం దగ్గర వారికి నివాళులర్పిస్తాయి.

ఉచిత విద్యుత్ నుంచి రుణమాఫీ దాకా

2004 మే 14న అదే లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రాజశేఖర రెడ్డి తొలి సంతకం రైతులకు ఉచిత విద్యుత్ మీద పడింది. సుమారు 1,200 కోట్ల రూపాయల కరెంటు బకాయిలను కూడా రద్దు చేశారు. కాల్పులు జరిగిన చోటికి కూతవేటు దూరంలో పడిన ఆ సంతకం నాలుగేళ్ల కిందటి బిల్లుకు ఓటర్లు చెప్పిన జవాబు. 2008లో కిలో రెండు రూపాయల బియ్యం తిరిగొచ్చింది. 2011 నవంబర్ నుంచి అది రూపాయికి తగ్గింది.

రాష్ట్ర విభజన తర్వాత ఆచారం రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. 2014 జూన్ 8న చంద్రబాబు నాయుడు పెట్టిన తొలి సంతకాల్లో రైతు రుణమాఫీతో పాటు ఉద్యోగుల విరమణ వయస్సును 60కి పెంచడం ఉంది. 2019 మే 30న వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి వృద్ధాప్య పింఛనును 2,250 రూపాయలకు పెంచుతూ సంతకం చేశారు.

నేరుగా పన్ను పడితే స్పందన ఎంత త్వరగా వస్తుందో 2016లో కేంద్ర బడ్జెట్ చూపింది. ఉద్యోగి తీసుకునే భవిష్య నిధి సొమ్ములో 60 శాతం మీద పన్ను వేస్తామని ఫిబ్రవరి 29న ఆర్థిక మంత్రి ప్రకటించారు. దేశమంతా జీతగాళ్లు గగ్గోలు పెట్టడంతో మార్చి 8నే ఉపసంహరించారు. భవిష్య నిధి ప్రాంతీయ కార్యాలయం ఉన్న బర్కత్‌పురకు ఆ సొమ్ము విలువ బాగా తెలుసు. సారా రూపంలో వసూలైన భారం మీద తిరుగుబాటుకు ఏళ్లు పట్టగా, జీతం చీటీలో కనిపించిన భారానికి వారం పది రోజులు చాలాయి.

అశోక్‌నగర్ ప్రశ్న

1983లో ఉద్యోగులను త్వరగా ఇంటికి పంపడానికి చూపిన కారణం నిరుద్యోగం. అదే కారణం 2023లో అశోక్‌నగర్‌లో మళ్లీ ముందుకొచ్చింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వేలాది ఉద్యోగార్థులకు నెలవు. తెలంగాణలో 2021లో విరమణ వయస్సును 61కి పెంచడంతో ఖాళీలు ఏర్పడే వేగం మూడేళ్లపాటు తగ్గింది. 2023 నవంబర్‌లో రాహుల్ గాంధీ ఇక్కడికే వచ్చి ఉద్యోగార్థులను కలిశారు. ఏడాదిలో రెండు లక్షల ఉద్యోగాలిస్తామన్నది కాంగ్రెస్ మాట.

డిసెంబర్ 7న ఎనుముల రేవంత్ రెడ్డి లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి ఆరు గ్యారంటీల ఫైలుపై తొలి సంతకం పెట్టారు. రెండు రోజుల్లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. దాన్ని మహిళలు ఆదరించగా, గిరాకీ పోయిన ఆటో డ్రైవర్లు వీధికెక్కారు. డిసెంబర్ 20న శాసనసభలో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం అప్పు 6.71 లక్షల కోట్ల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. గత ప్రభుత్వంలో ఉన్నవారు ఆ లెక్కను తోసిపుచ్చారు. 2024 జూలై 25న భట్టి విక్రమార్క 2,91,159 కోట్ల రూపాయల పూర్తి బడ్జెట్ ప్రవేశపెట్టారు. దానికి పది పన్నెండు రోజుల ముందే గ్రూప్స్ పోస్టులు పెంచాలని, పరీక్షలు వాయిదా వేయాలని ఉద్యోగార్థులు అశోక్‌నగర్, చిక్కడపల్లి రోడ్ల మీద రాత్రివేళ బైఠాయించారు. గ్రూప్–2 వాయిదా పడింది, ఆగస్టు 2న జాబ్ క్యాలెండర్ వెలువడింది. అక్టోబర్‌లో గ్రూప్–1 అభ్యర్థులు మళ్లీ అవే వీధుల్లో నిలబడ్డారు.

నలభై ఏళ్ల ఈ వరుసలో ప్రజల స్పందన తీరు స్థిరంగా కనిపిస్తుంది. ఇచ్చినదాన్ని ఆనందంగా అందుకున్నవారే దాని ఖరీదు ఎవరి మీద పడిందని తర్వాత అడిగారు. దూబగుంట స్త్రీలు, బషీర్‌బాగ్ ప్రదర్శకులు, అశోక్‌నగర్ యువత అడిగిన ప్రశ్న ఒక్కటే. సంక్షేమం పేదవాడి హక్కు. ఆ హక్కును నిలబెట్టే డబ్బు ఎక్కడి నుంచి, ఎవరి దగ్గర నుంచి వస్తుందో ముందే తెలుసుకోవడం కూడా వాడి హక్కే. తొలి సంతకం పడే ఫైల్లో ఖర్చు పక్కనే రాబడి కూడా రాసి చూపిన రోజున ఈ ఆచారానికి పూర్తి అర్థం వస్తుంది.